పత్తిని ‘సస్టెయినబుల్’ అని అమ్మాలంటే: చిన్న రైతుల గ్రూప్‌కి విత్తనం నుంచి జిన్నింగ్ దాకా సమగ్ర మార్గదర్శి

“మేం మందులు చాలా తగ్గించేశాం, మరి మా పత్తికి రేటు మాత్రం పక్కోడిదే ఎందుకు పలుకుతోంది?” ఆదిలాబాద్, వరంగల్, కర్నూలు, ఏ వైపు నుంచైనా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దాని తర్వాతది “సర్టిఫికెట్ ఎట్లా తెచ్చుకోవాలి?”

మందు కొట్టనందుకు ఎవడూ డబ్బులివ్వడు. కొట్టలేదని కాగితం మీద చూపించి, ఆ పత్తి ఇంకో పత్తితో కలవకుండా మిల్లు దాకా చేర్చగలిగితే అప్పుడు రేటు మాట్లాడతారు. బ్రాండ్లు పెట్టే రూల్స్ అన్నీ చివరికి వచ్చి పడేది రెండు మూడెకరాల రైతు గట్టు మీదే కాబట్టి, ఆ గట్టు మీద ఏం చెయ్యాలో వరసగా రాస్తున్నా. వరస మార్చొద్దు, ఎందుకంటే చాలా గ్రూపులు సాగు బాగానే చేసి వరస తప్పి దెబ్బతింటున్నాయి.

1. ముందు కొనేవాడిని తేల్చుకోండి, తర్వాతే దారి

మన రైతులకి అందుబాటులో ముఖ్యంగా మూడు దారులున్నాయి.

బెటర్ కాటన్: పత్తి సాగు పద్ధతులు బాగుచేయటానికి నడిచే అంతర్జాతీయ ప్రోగ్రాం. ఇందులో బీటీ పత్తి (పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) వేసుకోవచ్చు. మందులు, నీళ్లు, యూరియా వాడకం తగ్గించాలి, ప్రమాదకరమైన మందులు మానాలి, పిల్లలతో పని చేయించకూడదు, లెక్కలు రాయాలి. సుమారు 3,500 మంది రైతుల్ని ఒక ప్రొడ్యూసర్ యూనిట్‌గా తీసుకుంటారు కాబట్టి ఇది మీ పది మంది కట్టుకునేది కాదు, మీ మండలంలో ఆ ప్రోగ్రాం నడిపే సంస్థ ఉంటే అందులో చేరాలి, అంతే. ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి: ఇందులో రైతుకి అదనపు రేటు ఇస్తామని గ్యారంటీ లేదు. మిగిలేది ఖర్చు తగ్గటం వల్ల మిగిలేదే. ప్రీమియం వస్తుందని ఎవరన్నా చెప్తే ఎవరిస్తారో, ఎంతో రాసిమ్మనండి.

ఎన్‌పీఓపీ ఆర్గానిక్: జాతీయ ఆర్గానిక్ ఉత్పత్తి కార్యక్రమం, కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ ఎపెడా కింద నడిచేది. బీటీ అస్సలు కుదరదు, రసాయన ఎరువు, మందు ఏదీ కుదరదు. పత్తి లాంటి ఏడాది పంటకి రెండేళ్ల మార్పిడి కాలం (రసాయన సాగు నుంచి ఆర్గానిక్‌కి మారే గడువు) ఉంటుంది. పొలంలో పండిన పత్తి వరకు ఎన్‌పీఓపీ చూస్తుంది, జిన్నింగ్ (గింజ నుంచి దూది వేరు చేయటం) నుంచి బట్ట దాకా జీఓటీఎస్ గానీ ఓసీఎస్ గానీ చూస్తాయి, రెండూ ఆర్గానిక్ బట్టలకి అంతర్జాతీయ ప్రమాణాలు. ఎగుమతి బట్టల కంపెనీలు అడిగేది ఇదే, కాబట్టి ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దీని గురించే.

పీజీఎస్-ఇండియా: రైతులే ఒకరికొకరు హామీగా ఉండే ఆర్గానిక్ పద్ధతి. కనీసం ఐదుగురు రైతులుంటే చాలు, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని ప్రాంతీయ కౌన్సిల్ ద్వారా సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఖర్చు తక్కువ. కానీ ఇది దేశంలో అమ్ముకోవటానికే. చేనేత వాళ్లు, చిన్న బట్టల యూనిట్ల లాంటి కొనుగోలుదారు ముందే ఉంటే బాగుంటుంది, లేకపోతే మార్కెట్ యార్డులో పీజీఎస్ కాగితం ఎవడూ చూడడు.

చాలా మంది ముందు సర్టిఫికెట్ తెచ్చుకుని తర్వాత కొనేవాళ్ల కోసం తిరుగుతారు. అట్లా చెయ్యొద్దు. జనవరి, ఫిబ్రవరిలోనే జీఓటీఎస్ సర్టిఫికెట్ ఉన్న జిన్నింగ్ మిల్లుతో, వీలైతే స్పిన్నింగ్ మిల్లుతో మాట్లాడండి. వీటికి జవాబు తీసుకోండి:

☐ కనీసం ఎన్ని బేళ్లు కావాలి
☐ పింజ (దూది పోగు) పొడవు ఎంతుండాలి
☐ మార్పిడి కాలంలో ఉన్న పత్తి కొంటారా (కొన్ని కంపెనీలు కొంటాయి, అడగందే చెప్పవు)
☐ ప్రీమియం ఆ రోజు మార్కెట్ రేటు మీద ఎంత, ఎన్ని రోజుల్లో డబ్బులు
☐ జీఎంఓ టెస్ట్ (జన్యువు మార్చిన పత్తి కలిసిందా అని చూసే పరీక్ష) ఖర్చు ఎవరిది

బేళ్ల లెక్క తెలిస్తే మాట్లాడటం తేలిక. క్వింటా పత్తికి 34 కిలోల చొప్పున దూది వస్తుందనుకుంటే, 170 కిలోల బేలు ఒకటి కావటానికి సుమారు 5 క్వింటాళ్లు పడుతుంది. మిల్లు 100 బేళ్ల లాట్ అడిగిందంటే 500 క్వింటాళ్లు. తలా రెండెకరాలున్న 50 మంది, ఎకరాకి 5 క్వింటాళ్లు తీస్తేనే ఆ లాట్ నిండుతుంది. ఒక్క రైతుగా వెళ్తే గేటు దగ్గర కూడా మాట్లాడరు అనేది ఇందుకే.

2. గ్రూప్ కట్టటం

ఎన్‌పీఓపీలో గ్రోయర్ గ్రూప్‌కి కనీసం 25 మంది, గరిష్ఠంగా 500 మంది. కొత్త నిబంధనల ప్రకారం గ్రూప్‌కి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉండాలి, సొసైటీ గానీ ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) గానీ. ఇప్పటికే మీ దగ్గర నడుస్తున్న ఎఫ్‌పీఓ ఉంటే కొత్తది పెట్టకండి, దాంట్లోనే ఆర్గానిక్ రైతుల్ని విడిగా రాసుకోండి.

మనుషుల్ని ఎంచుకునేటప్పుడు మొహమాటం వద్దు. పొలాలు దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లని తీసుకోండి. ఒకే చెలక మీద పక్కపక్కన పది మంది ఉంటే హద్దు సమస్య సగం తగ్గుతుంది. నాలుగు ఊళ్లలో చెల్లాచెదురుగా ఉన్న యాభై మంది కంటే ఒక ఊళ్లో ముప్పై మంది నయం.

కౌలు రైతుల విషయం ఎవరూ సరిగ్గా చెప్పరు. రెండేళ్ల మార్పిడి అయ్యాక భూమి ఓనర్ ఇంకొకరికి కౌలుకిస్తే కష్టమంతా వాళ్లకి పోతుంది. కనీసం మూడు నాలుగేళ్ల కౌలు కాగితం రాయించుకున్నాకే చేర్చుకోండి, లేదంటే వాళ్లని బెటర్ కాటన్ దారిలో ఉంచండి. పోడు భూములకి అటవీ హక్కుల పట్టా ఉంటే దాని కాపీ పెట్టొచ్చు.

ఇంకో జాగ్రత్త. కొందరు ఏజెంట్లు రైతుల ఆధార్, పాస్ పుస్తకం కాపీలు తీసుకెళ్లి వాళ్లకి తెలియకుండానే ఏదో గ్రూప్ లిస్టులో పేర్లు ఎక్కిస్తారు, తర్వాత బీటీ పత్తి ఆ పేర్ల మీద ఆర్గానిక్‌గా అమ్ముడుపోతుంది. మీ గ్రూప్ ఏదైనా సర్టిఫికేషన్ సంస్థ దగ్గరికి వెళ్లినప్పుడు మీ సర్వే నంబర్లు ఎపెడా ఆన్‌లైన్ రికార్డు ట్రేస్‌నెట్‌లో ఇంకే గ్రూప్‌లోనైనా ఉన్నాయేమో ముందే చూడమనండి. ఉంటే రాతపూర్వకంగా తీయించండి. కాపీలు ఇచ్చేటప్పుడు వాటి మీద దేని కోసం ఇస్తున్నారో పెన్నుతో అడ్డంగా రాసివ్వండి.

3. డైరీ, ఎవరు రాస్తారు

గ్రూప్‌లో లోపలి తనిఖీ వ్యవస్థ ఉండాలి, ఐసీఎస్ అంటారు. ప్రతి రైతు పొలాన్ని ఏడాదికి కనీసం రెండు సార్లు గ్రూప్ మనిషే వెళ్లి చూసి రాయాలి, ఆ తర్వాత బయటి సంస్థ వాళ్లు కొన్ని పొలాలు ఎంచుకుని చూస్తారు. అన్న పొలం తమ్ముడు తనిఖీ చేస్తే చెల్లదు, ఆ మాత్రం దూరం పెట్టండి.

ప్రతి రైతు ఫైల్‌లో:

☐ పాస్ పుస్తకం లేదా పట్టా కాపీ, సర్వే నంబరు
☐ చేతి గీత మ్యాప్, నాలుగు పక్కల ఎవరి పొలం, ఏ పంట
☐ గత మూడేళ్లు ఏం వేశారు, ఏం కొట్టారు
☐ విత్తనం బిల్లు, ఖాళీ ప్యాకెట్ (పారేయకండి)
☐ ఏ రోజు ఏం చల్లారు, ఏం పిచికారీ చేశారు
☐ దిగుబడి అంచనా, ప్రతి ఏరుడు తూకం

సీజన్ అయిపోయాక ఒక్క రాత్రిలో యాభై డైరీలూ ఒకే పెన్నుతో రాసేయటం అందరికీ తెలిసిన జబ్బు. ఆడిటర్‌కి అది ఇట్టే తెలిసిపోతుంది, తేదీలు కూడా అందరివీ ఒకటే ఉంటాయి మరి. దీనికి మందు: చదువుకున్న పిల్ల గానీ పిల్లాడు గానీ ఒకర్ని పెట్టి, నెలకి ఇంత అని ఇచ్చి, వారానికొకసారి ఇంటింటికీ తిప్పండి. ఫోన్‌లో తేదీతో ఫోటో తీసి పెట్టుకోవటం అలవాటు చేయండి. ఈ జీతం దండగ అనుకునే గ్రూప్ రెండో ఏడాది దాటదు.

4. విత్తనం: మొత్తం గైడ్‌లో ఎక్కువ టైం ఇక్కడ పెట్టండి

మన దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతం పైనే బీటీ. షాపుకెళ్లి నాన్-బీటీ అడిగితే లేదంటారు, లేదా ఏదో తెల్ల కవర్లో చేతికిస్తారు. కవర్ విత్తనం ముట్టుకోవద్దు. బీజీ-3 అని చాటుగా అమ్మే కలుపు మందు తట్టుకునే విత్తనం అయితే మన దేశంలో అనుమతే లేనిది, అది ఏ దారిలోనూ పనికిరాదు.

నాగ్‌పూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వాళ్ల ‘సూరజ్’, నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘నరసింహ’ లాంటివి హైబ్రిడ్లు కాదు, సూటి రకాలు. విత్తనం మళ్లీ మళ్లీ దాచుకోవచ్చు. ఫిబ్రవరిలోనే ఇండెంట్ పెట్టాలి, మే నెలలో పరిగెత్తితే దొరకదు.

విత్తనం చేతికొచ్చాక ఈ వరస పాటించండి.

మొదట జీఎంఓ టెస్ట్. ల్యాబ్‌కి పంపితే పత్తికి వాడే ఐడబ్ల్యూఏ 32 పద్ధతి ప్రకారం చెయ్యమని చెప్పండి. మొక్కలు వచ్చాక పొలంలోనే స్ట్రిప్ టెస్ట్ కూడా చేసుకోవచ్చు, ఆకు ముక్క నలిపి ద్రావణంలో కలిపి స్ట్రిప్ ముంచితే కాసేపట్లో గీతలు తేలతాయి. రెండూ చేయండి.

తర్వాత మొలక పరీక్ష. తడి గోనెపట్టాలో 100 గింజలు చుట్టి పెట్టి వారం తర్వాత లెక్కపెట్టండి. 65 కంటే తక్కువ మొలిస్తే వెనక్కి ఇచ్చేయండి.

మూడోది శుద్ధి. రసాయనం పట్టించిన విత్తనం ఆర్గానిక్‌కి చెల్లదు, ఎర్రగానో నీలంగానో రంగుంటే అనుమానించండి. బీజామృతంతో (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన ద్రావణం) శుద్ధి చేసి నీడలో ఆరబెట్టి వేసుకోవచ్చు.

మీ విత్తనం మీరే దాచుకుంటే ఇంకా మంచిది, కానీ దాన్ని జిన్ చేసే చోట జాగ్రత్త. ఊళ్లో చిన్న మిషన్ మీద అంతకుముందు బీటీ పత్తి ఆడించి ఉంటే గింజలు అక్కడే కలిసిపోతాయి. పొలం మధ్యలో, హద్దుకి దూరంగా ఉన్న మొక్కల నుంచి మొదటి రెండు ఏరుళ్ల పత్తే విత్తనానికి తీయండి.

5. హద్దు, విత్తటం

పక్క పొలంలో బీటీ ఉంటే మీ వైపు గట్టు వెంబడి కొన్ని సాళ్లు జొన్న గానీ కంది గానీ ఒత్తుగా వేయండి. మందు తుంపర ఆగుతుంది, మిత్రపురుగులకి చోటు దొరుకుతుంది. వర్షం నీళ్లు పై పొలం నుంచి మీ దాంట్లోకి వస్తుంటే చిన్న కాలువ తీసి పక్కకి మళ్లించండి, ఆడిటర్లు ఇది తప్పకుండా చూస్తారు.

వర్షాధారమైతే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే విత్తండి. మృగశిర కార్తె వచ్చిందని పొడి దుక్కిలో వేసి రెండోసారి విత్తనం కొనటం మన దగ్గర ఏటా చూసేదే, నాన్-బీటీ వాళ్లకి రెండోసారి విత్తనమే దొరకదు. ఎరువు సంగతి అందరికీ తెలిసిందే: చివికిన పశువుల ఎరువు, ఘనజీవామృతం, మధ్యలో పెసర, మినుము, అలసంద లాంటి అంతరపంట. ఎరువు బయట కొంటే కోళ్ల ఫారం ఎరువు నేరుగా వేయకండి, ముందు సర్టిఫికేషన్ వాళ్లని అడగండి.

6. పురుగు: చూడటం ముందు, కొట్టటం చివర

మొదటి రెండు నెలలు పచ్చదోమ, పేనుబంక, తామర పురుగు. పసుపు, నీలం జిగురు అట్టలు పెట్టండి. వేప గింజల కషాయం 5 శాతం, అంటే 100 లీటర్ల నీళ్లకి 5 కిలోల వేప పప్పు పొడి, రాత్రి నానబెట్టి వడగట్టి కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టండి. మధ్యాహ్నం ఎండలో కొట్టి పనిచేయలేదంటే తప్పు కషాయానిది కాదు.

నాన్-బీటీకి శనగపచ్చ పురుగు కూడా వస్తుంది, దీన్ని మరిచిపోయి చాలా మంది పూత దశలో దెబ్బతింటారు. పొలం చుట్టూ బంతి, పక్షులు వాలటానికి కర్రలు, గుడ్డు దశలో ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లని నాశనం చేసే చిన్న కందిరీగలున్న అట్టలు) పెట్టండి.

గులాబీ రంగు పురుగు బీటీని కూడా వదలట్లేదు కాబట్టి ఇది అన్ని దారుల వాళ్లకీ. 45 రోజులకే లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) పెట్టండి. వరసగా మూడు రోజులు బుట్టకి రోజుకి ఎనిమిది రెక్కల పురుగులు పడుతుంటే పరిస్థితి చెయ్యి దాటబోతోందని లెక్క. గుడ్డి పూలు (లోపల పురుగుండి విచ్చుకోని పూలు) కనిపిస్తే తెంపి నాశనం చేయండి, గట్టు మీద పారేస్తే లాభం లేదు. అక్కడక్కడా 20 పచ్చి కాయలు కోసి చూడండి, రెండింట్లో పురుగుంటే చర్య తీసుకునే టైం వచ్చినట్టే. బుట్టలో ల్యూర్ (వాసన బిళ్ల) మూడు నాలుగు వారాలకి మార్చాలి, మార్చకుండా “పురుగు తగ్గింది” అని సంబరపడేవాళ్లున్నారు.

అప్పు తెచ్చుకున్న స్ప్రేయర్ విషయంలో గట్టిగా ఉండండి. పక్కాయన నిన్న దాంతో ఏం కొట్టాడో మీకు తెలీదు. గ్రూప్‌కి రెండు స్ప్రేయర్లు కొని రంగు వేసి విడిగా పెట్టుకోండి. బెటర్ కాటన్ దారిలో మందు కొట్టేవాళ్లయితే మాస్కు, గ్లవ్స్, నిండు చొక్కా లేకుండా కొట్టనివ్వకండి. 2017లో యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయిన సంగతి మనకి మరీ దూరందేం కాదు.

7. ఏరటం: రేటు పోయేది ఇక్కడే

ఇంత కష్టపడి చివర్లో యూరియా సంచిలో కుక్కి పాడు చేస్తారు. ఆ ప్లాస్టిక్ పోగు దూదిలోకి పోతే మిల్లులో బయటికి రాదు, నూలులో, బట్టలో తేలుతుంది, రంగు కూడా పట్టదు. మిల్లు వాళ్లు లాట్ మొత్తం తోసేసేది దానికే.

☐ మంచు ఆరాక, పొద్దెక్కాక మొదలుపెట్టాలి
☐ బాగా విచ్చిన కాయ నుంచే, కింద కొమ్మల నుంచి పైకి
☐ ఒడికి, కుప్పకి, మూటకి అన్నిటికీ నూలు గుడ్డే
☐ ఏరేవాళ్లు తలకి గుడ్డ కట్టుకోవాలి, వెంట్రుక కూడా చెత్తే
☐ గుట్కా, బిస్కెట్ కవర్లు పొలంలోకి రాకూడదు
☐ ఎండాకు, తొక్క అక్కడే తీసేయాలి
☐ పురుగు తిన్నది, వానకి తడిసింది, రంగు మారింది వేరే మూట
☐ హద్దు సాళ్ల పక్క పత్తి వేరే మూట

కూలీ కిలో లెక్కన ఇస్తే చెత్తతో సహా వస్తుంది, అది ఏరే అమ్మల తప్పు కాదు, మనం కట్టిన లెక్క తప్పు. శుభ్రంగా ఏరినదానికి కిలోకి ఇంత అని ఎక్కువ ఇచ్చి చూడండి. ఇంకొకటి, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవటం చట్టం ప్రకారం నేరం, సర్టిఫికేషన్ కూడా అక్కడికక్కడే పోతుంది. కూలీ రిజిస్టర్‌లో పేరు, వయసు, ఇచ్చిన డబ్బు రాయండి.

8. నిల్వ, తేమ, కాంటా

రైతు పేరు, తేదీ, ఎన్నో ఏరుడు అని రాసిన గుడ్డ ముక్క ప్రతి మూటకి కట్టండి. నేల మీద నేరుగా పోయొద్దు, యూరియా బస్తాలున్న గదిలో అసలే వద్దు. బీటీ, నాన్-బీటీ రెండూ పండించే ఇల్లయితే నాన్-బీటీ పత్తి మొదటి రోజే గ్రూప్ గోదాంకి చేర్చేయాలి.

తేమ 8 శాతానికి తేండి. ఒకవేళ కొనేవాడు చేతులెత్తేసినా సీసీఐకి (మద్దతు ధరకి పత్తి కొనే కేంద్ర సంస్థ) అమ్ముకోవాలన్నా ఇదే లెక్క: 8 దాటిన ప్రతి శాతానికి ఒక శాతం కోత, 12 దాటితే తీసుకోరు. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ మద్దతు ధర క్వింటాకి ₹8,110. అదే పత్తి 11 శాతం తేమతో తీసుకెళ్తే ₹243 పైన పోయినట్టే. రెండు రోజులు ఎండలో వేస్తే మిగిలే డబ్బు అది. గ్రూప్ సభ్యులంతా సీసీఐకి అమ్మటానికి వాడే కపాస్ కిసాన్ యాప్‌లో కూడా రిజిస్టర్ చేసుకుని పెట్టుకోండి, ఆర్గానిక్ బేరం చెడితే దళారీ చేతిలో పడకుండా ఉంటారు.

గ్రూప్ కాంటా ఎలక్ట్రానిక్‌దే పెట్టి, రైతు ముందే తూచి, అక్కడే రసీదు ఇవ్వండి. తరుగు అనే మాట మన కాంటా దగ్గర కూడా వినిపిస్తే రైతు వచ్చే ఏడాది రాడు.

9. జిన్నింగ్ మిల్లు దగ్గర

గ్రూప్ తరఫున ఒక మనిషి లోడుతో పాటు వెళ్లి, ఆడించినంత సేపూ అక్కడే ఉండాలి. ఫోన్‌లో అడిగి తెలుసుకునే పని కాదు.

☐ మిల్లు స్కోప్ సర్టిఫికెట్ (ఆర్గానిక్ పని చేయటానికి అర్హత కాగితం) తేదీ దాటలేదని చూడటం
☐ లారీ ఊడ్చి శుభ్రం చేసిందేనా
☐ మన కుప్ప విడిగా, బోర్డు పెట్టి ఉందా
☐ ముందు ఆడిన పత్తి అంతా మిషన్లోంచి తీసి శుభ్రం చేశారా
☐ బేళ్ల మీద లాట్ నంబరు, ఆర్గానిక్ అనే గుర్తు పడిందా
☐ దూది, గింజ, వేస్ట్ మూడూ కలిపితే మనం ఇచ్చిన బరువుకి సరిపోతుందా

ఈ చివరి లెక్క వదలకండి. 500 క్వింటాళ్లకి 34 శాతం చొప్పున 170 క్వింటాళ్ల దూది రావాలి. మీ పత్తి పేరుతో అంతకంటే ఎక్కువ బేళ్లు కాగితం మీద కనిపిస్తే ఎవరో బయటి పత్తి మీ పేరు మీద తోలుతున్నారన్నమాట. దొరికినప్పుడు పోయేది మీ సర్టిఫికెట్.

అమ్మకం జరిగాక ట్రేస్‌నెట్‌లో ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ తీయాలి, టీసీ అంటారు, అమ్మిన ఆ లాట్ ఆర్గానిక్‌దే అని చూపించే కాగితం. డబ్బులు పూర్తిగా పడకముందే టీసీ చేతికి ఇచ్చేస్తే తర్వాత ప్రీమియం అడగటానికి మీ దగ్గర ఏ పట్టూ ఉండదు, కాబట్టి ఎన్ని రోజుల్లో ఎంత వస్తే టీసీ ఇస్తారో మొదటి ఒప్పందంలోనే రాయించండి.

10. డబ్బులు, చేను ఖాళీ చేయటం

పత్తి ధర, ప్రీమియం రెండూ వేరు వేరు గడుల్లో చూపించి, రైతు ఖాతాలోకే వేయండి. ప్రీమియంలో గ్రూప్ ఖర్చుకి ఎంత పట్టుకుంటారో సీజన్ మొదట్లోనే మీటింగ్ పెట్టి తీర్మానం రాసుకోండి, డబ్బులొచ్చాక మొదలుపెడితే గొడవే.

జనవరి దాటి పత్తిని చేలో ఉంచకండి. ఇంకో క్వింటా వస్తుందని నీళ్లు పెట్టి మార్చి దాకా లాగితే గులాబీ పురుగు వచ్చే ఏడాదికి మీ దగ్గరే కాపురం పెడుతుంది. పశువుల్ని, మేకల్ని తోలి మిగిలిన కాయలు మేపించి, కట్టె పీకి ముక్కలు చేసి నేలలో కలిపేయండి. కాల్చేస్తే నేలకి పోవాల్సిన సారం పొగలో పోతుంది. ఇంటి పక్కన కట్టె వామి వేసి వంటకి దాచుకుంటే అందులోని కాయల్లో పురుగు బతికే ఉంటుంది, కనీసం ఆ ఎండు కాయలన్నా రాల్చి పారేయండి.

స్కోప్ సర్టిఫికెట్ ఏడాదికొకసారి రెన్యూ చెయ్యాలి. గడువు తేదీకి రెండు నెలల ముందు నుంచే ఫైళ్లు సర్దటం మొదలుపెట్టండి, ఎందుకంటే ఆడిటర్ డేట్ దొరకటమే కష్టం, మధ్యలో ఒక్క నెల గ్యాప్ పడినా ఆ నెల్లో మిల్లుకి వెళ్లిన పత్తికి టీసీ రాదు.